గులకరాళ్ళ దారిలో తౌహ్వా

యున్-షాన్ నీళ్ళ టబ్బును నేలమీద పెట్టిన చప్పుడు వినగానే తౌహ్వా సోఫా కిందికి దూరింది. రోజూ సాయంత్రం ఇదే వరస. అది మరీ చిన్న జాతి బాతు. తెల్లగా, మెత్తగా, సోయాపాల జున్నులా ఉంటుందని యున్-షానే దానికి ఆ జున్ను పేరు పెట్టింది. గుడ్డులోంచి వచ్చిన కొత్తలోనే ఇంటికి తెచ్చి, స్వెట్టర్ లోపల దాచుకుని పెంచింది. ఇప్పుడా బాతే ఆమె చెయ్యి చూస్తే పారిపోతోంది.

“తౌహ్వా, రా తల్లీ, రా!” అని పిలిచింది అత్తగారు ఆలాన్, వంటగది గుమ్మంలోంచి.

అంతే. సోఫా కిందనుంచి తెల్లటి తల బయటికొచ్చింది. కుంటుకుంటూ వెళ్ళి ఆవిడ చెప్పుల మీద ముక్కు ఆనించింది. ఆవిడ గుప్పిట్లో పచ్చి బఠాణీలున్నాయి. ఎప్పుడూ ఉంటాయి.

“ఇదిగో నీ రోగి, పట్టుకో,” అంటూ దాన్ని కోడలి చేతికిచ్చి, ఆవిడ టీవీ ముందుకు వెళ్ళిపోయింది.

చేతులు మారగానే తౌహ్వా అరుపు లంకించుకుంది. ఆడబాతు అరుపు వీధి చివరిదాకా వినిపిస్తుంది. యున్-షాన్ దాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఎడమకాలి పుండుకు కట్టిన పట్టీ విప్పింది. అరికాలి మధ్యలో నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి వాపు. ముట్టుకుంటే వేడిగా ఉంది. ఎప్సమ్ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో కాలు నానబెట్టి, తడి అద్ది, అయోడిన్ పూసి, గాజుగుడ్డ ముక్క పెట్టి, వేళ్ళ మధ్యనుంచి పట్టీ తిప్పి కట్టింది. బిగిస్తే రక్తం ఆడదు, వదులైతే ఊడిపోతుంది.

భర్త బో-యెన్ నూడుల్స్ తింటూ చూస్తున్నాడు.

“మన యీలాన్ జిల్లాలో బాతు కాళ్ళని సోయా రసంలో ఉడికించేవాళ్ళే గాని, ఉప్పునీళ్ళలో నానబెట్టేదానివి నువ్వొక్కదానివే.”

“నోరు మూసుకుని తిను.”

“నాకూ కాళ్ళ నొప్పులే. ఎప్పుడైనా అడిగావా?”

“దీనిలాగా అరిచి చూడు, అడుగుతాను.”

అతను నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. పట్నంలో పశువుల డాక్టరు గట్టిగా చెప్పింది: పెచ్చు మెత్తబడితే లోపలి చీము ముద్ద దానంతట అదే వస్తుంది, తవ్వొద్దు, గట్టి నేల మీద నడవనివ్వొద్దు, వాపు ఎముక దాకా పాకితే కాలు దక్కదు. అందుకే యున్-షాన్ హాలంతా చిన్నపిల్లలు ఆడుకునే మెత్తటి పలకలు పరిచింది. వరండాలో రెండు పాత దుప్పట్లు వేసింది. ఇంత చేసినా సాయంత్రానికి పట్టీ మురికై, వదులై ఉంటుంది. వాపు తగ్గడం లేదు.

“పట్టీ ఇంత నల్లగా ఎలా అవుతోందమ్మా?” అని అడిగింది. ఇక్కడి కోడళ్ళందరిలాగే ఆమె కూడా అత్తగారిని అమ్మా అనే పిలుస్తుంది.

“గడ్డి మీద తిప్పుతున్నాను. పాపం, రోజంతా ఇంట్లో ఎలా కూర్చుంటుంది? నువ్వెలాగూ దుకాణానికి పోతావు.”

ఆ చివరి మాట యున్-షాన్‌కు గుచ్చుకుంది. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. పగలంతా తౌహ్వా ఎవరితో ఉంటుందో ఆమెకు తెలుసు. ఆవిడ కూర తరుగుతుంటే పీట పక్కన, ఆవిడ కునుకు తీస్తే మంచం కింద. మందు తనది, అరుపులు తనవి. బఠాణీలూ ముద్దులూ ఆవిడవి. ఒకసారి యున్-షాన్ కూడా బఠాణీలు పట్టుకుని పిలిచింది. బాతు తల వంచి ఒక కన్నుతో ఆ చేతిని చూసింది, వెనక్కి నడిచింది. అయోడిన్ వాసన కాబోలు అనుకుని చేతులు సబ్బుతో మళ్ళీ మళ్ళీ రుద్దుకుంది. ఫలితం లేకపోయింది.

సెలవు రోజున ఆమె నిద్ర లేచేసరికి ఇంట్లో అత్తగారూ లేదు, బాతూ లేదు. సన్నగా తుంపర పడుతోంది. ఎందుకు వెళ్తోందో తనకే చెప్పుకోకుండా గొడుగు తీసుకుని పార్కు వైపు నడిచింది.

పార్కులో గులకరాళ్ళు నిలువుగా పాతిన దారి ఉంది. అరికాళ్ళలో ఒక్కోచోట ఒత్తితే ఒంట్లో ఒక్కో రోగం తగ్గుతుందని పెద్దవాళ్ళు రోజూ పొద్దున్నే చెప్పులు విప్పి దానిమీద నడుస్తారు. ఆలాన్ ఇద్దరు స్నేహితురాళ్ళతో, పంట్లాం మడిచి, మొహం చిట్లించుకుని నడుస్తోంది. ఆవిడ వెనకే, ఒక్కో రాయీ ఎక్కుతూ దిగుతూ, తౌహ్వా.

“ఆలాన్, నీ కోడలొచ్చింది! మనవరాలిని ఎత్తుకుపోతుంది చూసుకో!” అని అరిచింది ఒకావిడ.

యున్-షాన్‌కు ముందు కలిగింది కోపం కాదు, సంతోషం. దొరికారు. అంత మంచి అత్తగారూ దొరికిపోయారు.

“ఇదేనా గడ్డి?”

“గడ్డి మీదా తిప్పుతాను. ముందు కాస్త రాళ్ళ మీద,” అంది ఆలాన్, తప్పు చేసినట్టు కాక, మందు పేరు చెబుతున్నట్టు. “రాయి ఒత్తితే ఆగిన రక్తం కదులుతుంది. నా మోకాళ్ళు దీనితోనే గదా బాగయ్యాయి! నీ ఉప్పునీళ్ళతో ఇన్నాళ్ళూ ఏం తగ్గింది?”

“అది పుండు! పుండు మీద రాళ్ళా?”

“పట్టీ ఉందిగా.”

యున్-షాన్ వంగి కాలు తిప్పి చూపించింది. పట్టీ అడుగున చిరిగి ఉంది. చిరిగినచోట ఎర్రటి తడి. 

“అది మీ వెంట వస్తుందని తీసుకొచ్చారు. మీరు పిలిస్తే నిప్పుల మీదైనా వస్తుంది. మీకేం, ముద్దుచేస్తే సరిపోతుంది! అది నా బాతు!”

చివరి మాట గట్టిగా వచ్చింది. స్నేహితురాళ్ళిద్దరూ రాళ్ళమీద కదలకుండా నిలబడిపోయారు. ఆలాన్ రాళ్ళ మీదనుంచి దిగింది. చెప్పులు వేసుకుని, తౌహ్వాను బుట్టలో పెట్టుకుని, కోడలి గొడుగు కిందికి రాకుండా వానలోనే నడిచింది.

సాయంత్రం టబ్బు చప్పుడుకి సోఫా కింద దూరిన బాతును ఆలాన్ పిలిచి ఎత్తుకుంది. ఈసారి కోడలి చేతికివ్వలేదు. తనే తువ్వాలులో చుట్టి, గుండెకు ఆనించుకుని పక్కన కూర్చుంది. తౌహ్వా ఒక్కసారే అరిచి, ఆవిడ చంకలో ముక్కు పెట్టి ఊరుకుంది. కాలు ఇటు, తల అటు. ఇంత నిశ్శబ్దంగా ఆ పని చేయవచ్చని యున్-షాన్‌కు ఇప్పుడే తెలిసింది. ఆమెకు పొద్దుటికంటే ఎక్కువ కడుపు మండింది.

“ఇవాళ పట్టీ మీరు కట్టండి,” అంది. “నేను పట్టుకుంటాను.”

“నేను కట్టను.”

“ఎలాగో చూపిస్తాను.”

“చూపించినా కట్టను. కడితే నన్ను చూసి కూడా సోఫా కింద దూరుతుంది.” ఆలాన్ బాతు వీపు నిమిరింది. “మీ ఆయన చిన్నప్పుడు చేదు కషాయం పోసేదాన్ని నేను. వెంటనే మా అత్త కలకండ పెట్టేది. వాడు రోజూ ఆవిడ పక్కలోనే పడుకునేవాడు. గోడ ఇవతల నేను వినేదాన్ని, వాళ్ళిద్దరి గుసగుసలు.”

“మీరేం అనలేదా?”

“ఏం అంటాను? వాడికి దగ్గు తగ్గింది. నాకు మాత్రం తగ్గలేదు. ఈ ఇంట్లో కలకండ నా చేతికి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఈ వయసులో మళ్ళీ కషాయం పోయమంటావా?”

యున్-షాన్ పట్టీ కట్టడం పూర్తిచేసింది. జాలి కలగాలి అనుకుంది. కలగలేదు. అత్తగారు చెప్పిన ఆ గోడ మాత్రం తనకు బాగా తెలిసినట్టుంది.

ఆ తర్వాత ఆలాన్ తౌహ్వాను పార్కుకు తీసుకెళ్ళలేదు. రోజూ సాయంత్రం పట్టుకునేది ఆవిడ, నానబెట్టేది కోడలు. ఒకరోజు పెచ్చు నీళ్ళలోనే మెత్తబడి ఊడింది. దానితోపాటు గట్టి పసుపుపచ్చ ముద్ద కూడా బయటికొచ్చింది. గుంటను శుభ్రంగా కడిగి, అయోడిన్ పూసి, కట్టు కట్టారు. రోజులు గడిచేకొద్దీ వాపు దిగింది. వేడి పోయింది. తౌహ్వా కుంటడం మానేసింది. మొదటిసారి సరిగ్గా నడిచినప్పుడు నేరుగా ఆలాన్ చెప్పుల దగ్గరికే నడిచింది.

“చూశావా ఎలా నడుస్తోందో!” అంది ఆలాన్ మురిసిపోతూ. కోడలి మొహం చూసి ఆ మురిపెం మధ్యలోనే ఆపేసింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఒక్కతే పార్కుకు బయల్దేరింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, ఎప్పుడూ తన దగ్గరే ఉంచుకునే బఠాణీల డబ్బా కిటికీ మీద పెట్టింది.

“ఇది మర్చిపోయారమ్మా.”

“మర్చిపోలేదు,” అంటూ ఆవిడ గేటు వేసి వెళ్ళిపోయింది.

తౌహ్వా గేటు దగ్గర నిలబడి అరిచింది. ఆవిడ మలుపు తిరిగాక కూడా అరిచింది. యున్-షాన్ వరండా మెట్టు మీద కూర్చుని, అరచేతిలో ఒక బఠాణీ పెట్టుకుని, చెయ్యి దుప్పటి మీద ఆనించి కదలకుండా ఉంది. పిలవలేదు. పిలిస్తే ఆ గొంతు అత్తగారి గొంతు కాదని తెలిసిపోతుంది.

చాలాసేపటికి బాతు తల తిప్పి ఒక కన్నుతో చూసింది. రెండడుగులు వచ్చి ఆగింది. మెడ సాగదీసి, ఒళ్ళంతా వెనక్కే ఉంచి, బఠాణీ లాక్కుని పరుగున గేటు దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడే నిలబడి మింగింది. మళ్ళీ మలుపు వైపే చూస్తూ అరిచింది.

యున్-షాన్ డబ్బాలోంచి ఇంకో బఠాణీ తీసి అరచేతిలో పెట్టుకుంది.