సర్దని కర్ర

దగ్గరికి జరగండర్రా. వెనకవాళ్ళు ముందుకు రండి, నా గొంతు అంత దూరం రాదు. ఆ చివర కూచున్నవాడు పక్కవాడి పలక చూడటం మానితే మొదలుపెడతాను. ఈ కథ సరిగ్గా ఆ చూపు గురించే.

ఒక ఊళ్ళో పెద్ద గడ్డిమైదానం ఉండేది. అక్కడ గోల్ఫు ఆడేవారు. చిన్న తెల్లబంతిని కర్రతో కొట్టి, ఎక్కడో దూరాన ఉన్న గుంటలో వెయ్యాలి, అంతే ఆట. కానీ ఒక్క కర్రతో పని జరగదు. దూరం కొట్టడానికి పొడుగు కర్ర, దగ్గరికి పొట్టి కర్ర, బంతి ఇసుకలో పడితే పైకి లేపడానికి ఇంకోటి, గుంట దగ్గర మెల్లగా నెట్టడానికి వేరొకటి. ఇవన్నీ ఒక పొడవాటి సంచిలో పెట్టి, భుజాన వేసుకుని ఆడేవాళ్ళ వెంట నడిచే మనుషులు ఉంటారు. సంచులూ కర్రలూ మైదానంవే. మోత వీళ్ళది.

ఆ మోసేవాళ్ళలో ఇద్దరు తోడల్లుళ్ళు. ఇద్దరికీ అక్కడ పని ఇప్పించింది మామగారే కాబట్టి మైదానమంతా వాళ్ళని పెద్దల్లుడు, చిన్నల్లుడు అనే పిలిచేది.

పెద్దల్లుడు పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి సంచి సర్దేవాడు. పొడుగు కర్రలు వెనక, పట్టీ వైపు. నడిమివి నడుమ. పొట్టివి ముందు. నిలబెడితే మెట్ల వరసలా ఉండాలి, ఒకదాని తల ఇంకోదానికి తగలకూడదు. నెట్టుడు కర్రకి విడిగా ఒక అర. సంచి పక్కకి ఒరగకుండా బంతులు అడుగు జేబులో. తడి తువ్వాలు కొక్కేనికి, గొడుగు పక్క అరలో. కళ్ళకి గంతలు కట్టినా అడిగిన కర్ర తీసిచ్చేవాడు.

చిన్నల్లుడి సంచి చూస్తే చీపుళ్ళ కట్ట నయం. ఏ కర్ర చేతికొస్తే అది తోసేసేవాడు. అయితే ఆడేవాళ్ళకి ఏ కర్ర కావాలో ఆ కర్ర తనంతట తనే జానెడు పైకి లేచి నిలబడేది. అతను వెనక్కి చూడకుండా చెయ్యి చాపితే చేతిలో ఉండేది. దీనికి ఎవరూ ఆశ్చర్యపోయేవాళ్ళు కాదు. కొందరి ఇంట్లో పాలు పొంగవు, కొందరి గడియారం ఆగదు, ఇతని కర్రలు లేస్తాయి, అంతే.

ఆశ్చర్యం లేదు గానీ పెద్దల్లుడికి కడుపుమంట మాత్రం ఉంది. పొద్దస్తమానం సర్దేది తను, "నీ చెయ్యి మంచిదయ్యా" అనిపించుకునేది అతను. నడుస్తున్నంతసేపూ పెద్దల్లుడి కళ్ళు బంతి మీద కాదు, పక్క సంచి మీద ఉండేవి.

అలా ఉండగా మోతగాళ్ళ మేస్త్రీ పని మానేశాడు. ఆ పనితో పాటు గేటు పక్కన రెండు గదుల ఇల్లు, ఇంట్లోనే కుళాయి వస్తాయి. ఆదివారం పోటీలో తోడల్లుళ్ళ పని చూసి ఇద్దరిలో ఒకరికి ఇస్తానన్నాడు మేనేజరు.

"మా చెల్లెలు అప్పుడే కిటికీలకి పరదాలు కొలుస్తోందండీ" అంది పెద్దల్లుడి భార్య. "మీరు సర్దుతూ ఉండండి. ఆ ఇంట్లో వాళ్ళు సర్దుకుంటారు."

ఆ మాట ముల్లులా దిగింది. శనివారం అందరూ భోజనాలకి వెళ్ళాక పెద్దల్లుడు సంచుల కొట్లో దూరాడు. చిన్నల్లుడి సంచి పాడుచెయ్యాలి. తీరా చూస్తే అందులో పాడుచెయ్యడానికి ఏం మిగిలిందని? సరే, అన్నీ తీసి తలకిందులుగా కుక్కుదామనుకున్నాడు. కర్రలన్నీ బయటికి లాగాడు. భార్య మాటే తల్లో తిరుగుతోంది. కుళాయి, పరదాలు, కుళాయి. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

తేరుకుని చూసేసరికి పొడుగువి వెనక, పొట్టివి ముందు, తువ్వాలు కొక్కేనికి. సంచి పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. ఇంతలో బయట అడుగుల చప్పుడు. తన చేతుల్ని తనే తిట్టుకుంటూ బయటపడ్డాడు.

ఆదివారం డాక్టరమ్మకి చిన్నల్లుడు, ప్లీడరుగారికి పెద్దల్లుడు సంచి మోస్తున్నారు. వెనకాలే మేనేజరు. డాక్టరమ్మ బంతి ఇసుకలో పడింది. చిన్నల్లుడు అలవాటుగా వెనక్కి చూడకుండా చెయ్యి చాపాడు. చేతికి గాలి తగిలింది. తడుముకున్నాడు, ఒకటి ఇచ్చాడు, అది కాదంది ఆవిడ. మరోసారీ అంతే. మేనేజరు పెద్దల్లుడి వైపు చూసి తల ఊపాడు.

పెద్దల్లుడికి విషయం అర్థమైంది. ఇరుకులో కూచోబెడితే మీరు "నేను మాస్టారూ, నేను" అని చేతులెత్తుతారు చూడండి, ఆ కర్రలూ అంతే. ఎవరి చోట వాళ్ళని కూచోబెట్టేసరికి హాయిగా కునుకు తీస్తున్నాయి. పాడుచేద్దామని వెళ్ళి బాగుచేస్తే, ఆ బాగే పాడుచేసింది. అతని కడుపు చల్లబడింది. కుళాయి నీళ్ళ చప్పుడు కూడా వినబడింది.

మంచినీళ్ళకి ఆగినప్పుడు చిన్నల్లుడు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అన్నయ్యా, సంచి నువ్వే సర్దావు కదూ? నిన్న సాయంత్రం ఆ వరస చూస్తేనే తెలిసిపోయింది. పోటీ రోజు నాకు పరువుగా ఉండాలనుకున్నావు. సొంత అన్న కూడా చెయ్యడు."

పెద్దల్లుడు తన సంచి పట్టీ సర్దుకున్నాడు.

"రాత్రి మీ మరదలికి కూడా చెప్పాను, సిగ్గుపడింది. నీ గురించి ఏదో అనుకుందట. కానీ ఏంటో, ఇవాళ ఇవి నన్ను పలకరించడం లేదు. నా ఖర్మ. ఆ ఇల్లు నీకు రావడమే న్యాయంలే."

తిట్టినా బాగుండేది. పెద్దల్లుడు గడ్డి వైపు చూశాడు, నేల ఎటూ చీలలేదు. "నీ సంచి ఇలా ఇవ్వు" అన్నాడు.

"ఎందుకన్నయ్యా?"

"ఇవ్వమన్నానా."

కర్రల్ని పట్టుకుని కలపబోయాడు. చేతులు ఒప్పుకోలేదు. పొడుగుదాన్ని ముందుకు తోస్తే అవే మళ్ళీ వెనక్కి తెచ్చి పెట్టాయి. ఇలా కాదని కళ్ళు మూసుకుని మోకాలితో సంచినే తోసేశాడు. అది పోయి పక్కనే ఉన్న పెద్దల్లుడి సంచికి తగిలింది. రెండూ పడ్డాయి, కర్రలన్నీ గడ్డిలో చెల్లాచెదురు.

"అయ్యో అన్నయ్యా, ఏంటిది?"

"నోరు మూసుకుని ఏరు. నీ సంచిలోకి ఎలా పడితే అలా తొయ్యి. నీకు బాగా వచ్చిన పనేగా."

ఆ తరవాతి బంతి చెట్ల వెనక పడింది. చిన్నల్లుడు భయంభయంగా చెయ్యి చాపాడు. పొట్టి కర్ర ఒకటి పొడుగువాటి మధ్య నుంచి మెడ సాచి లేచి, అరచేతిలో వాలింది. డాక్టరమ్మ ఏమీ ఎరగనట్టే అందుకుంది. ఆట అయ్యేదాకా ఒక్క కర్ర తప్పు రాలేదు.

మేస్త్రీ పని చిన్నల్లుడికే వచ్చింది. పరదాలు సరిగ్గా సరిపోయాయి.

సాయంత్రం కొట్లో పెద్దల్లుడు తన సంచి సర్దుకుంటుంటే పొట్టివాటి మధ్య ఒక పొడుగు కర్ర ఇరుక్కుని కనబడింది. గడ్డిలో ఏరేటప్పుడు అటుది ఇటు వచ్చింది. తీసి వెనక వరసలో పెడదామని చెయ్యి చాపాడు. పట్టుకోకముందే అది జానెడు లేచి, వేళ్ళకి తగిలి నిలబడింది.

పక్క కొక్కేనికి వేలాడుతున్న చిన్నల్లుడి సంచి వైపు చూడలేదతను. దీన్నే చూస్తూ కూచున్నాడు. తువ్వాలు సర్దాడు, బంతులు సర్దాడు, మిగతా కర్రలన్నీ మెట్ల వరసలో పెట్టాడు. ఆ ఒక్కదాన్నీ ఉన్నచోటే వదిలేశాడు. మర్నాడు ప్లీడరుగారు దూరంగా గుంట దగ్గర పాతిన జెండా వైపు చూసి కళ్ళు చిట్లించారో లేదో, అది లేచింది.

మరి అసూయ పోయిందా అంటారా? ఎక్కడికి పోతుందర్రా. దానికీ ఒక అర చూసి, గొడుగు పక్కన పెట్టి జిప్పు వేశాడు. వాన వచ్చిన రోజు గొడుగుతో పాటు అదీ బయటికొచ్చేది. రోజూ వాన పడదుగా.

ఇక లేవండి. మీ అమ్మలు కంచాలు పెట్టి చూస్తుంటారు. వెళ్ళి తినండి, ఎవరి కంచంలోకి వాళ్ళు చూసుకుని.