చేతికి తెలిసిన వేడి

"నీకు ఎన్నో దినమే ఇది?" అని చంద్రకాంతమ్మ గుమ్మంలోనుంచే కోడల్ని అడిగింది.

మామిడికాయలు మాగేసిన గదిలో, గడ్డి మీద కాయలు తిరగేస్తున్న గంగులమ్మ వేలు అప్పుడే ఒక కాయ తొడిమ పక్కన మెత్తగా దిగింది. నల్లమచ్చ. కుళ్ళిన కాయ కనబడితే ఆ ఇంట్లో మొదటి ప్రశ్న అదే. ఇరవయ్యో దినమని చెప్పింది. అత్త నమ్మలేదు.

యుద్ధం మొదలైనప్పటినుంచీ రైళ్ళన్నీ సిపాయిలకే. ఆమె మొగుడు కుప్పుస్వామి మద్రాసుకు పంపే బేనీషా మామిడికాయలు పాకాల స్టేషన్లో రెండేసి రోజులు పడి ఉండేవి. రెండేళ్ళుగా గంపలకు గంపలే కుళ్ళాయి. తప్పు రైలుది కాదట, వానదీ కాదట. ముట్టు దాచిపెట్టి గదిలో తిరిగే కోడలిదట. "ఈ ఏడూ కుళ్ళితే గూడూరికి పో, మీ నాయన దగ్గరే ఉండు" అన్నాడు మొగుడు, సంగటి ముద్ద మింగుతూ. సొన కడిగేది తను, గడ్డి పరిచేది తను, పూటపూటకూ కాయ తిరగేసేది తను. కాయ బాగున్న ఏడు ఆమె దినాలు ఒక్కరైనా అడిగారా? అసలు ఆమె ఏనాడూ దాచలేదు. నెలనెలా మూడు దినాలు పెరటి కొట్టంలో ముడుచుకుని కూర్చునే ఉంది. అదే ఆమెకు ఒళ్ళు మండే సంగతి.

ఆ కొట్టంలోనే వైశాఖంలో ఒకటి జరిగింది. తినమని పడేసిన రాలుకాయల సొన వదలాలని, నాలుగోనాటి స్నానానికి కాగిన నీళ్ళలో వాటిని వేసింది. వారం తర్వాత చూస్తే గదిలో కాయలు నల్లబడ్డాయి, కొట్టంలోవి పసుప్పచ్చగా మాగి ఘుమఘుమలాడుతున్నాయి. ఆపైన ఊరుకోలేకపోయింది. రోజూ నాలుగు కాయలు ముంచి చూసింది. వేడి తగ్గితే మచ్చ ఆగలేదు, ఎక్కువైతే తోలు ఉడికింది. చెయ్యి పెడితే మూడు లెక్కపెట్టేలోగా తీసెయ్యాలి, అదీ వేడి. సంగటి కెలికేంతసేపు ఉంచాలి, తర్వాత నీడన ఆరబెట్టాలి.

మొగుడికి చెబితే నవ్వాడు. తర్వాత ఆమెకు చెప్పకుండా తనే సలసల కాగే నీళ్ళలో ఒక గంప ముంచి పాడుచేశాడు. మర్నాడు ఆమె ముఖం చూడకుండానే, మద్రాసుకు పోయే లోడంతా ఆమెనే ముంచమన్నాడు.

లోడు ముంచే రోజు తెల్లవారుతూనే గంగులమ్మకు నడుము లాగింది. ముట్టు రెండు దినాలు ముందే వచ్చేసింది. కొట్టంలోకి పోతే గంగాళం దగ్గర మళ్ళీ ఆయనే నిలబడతాడు. లోడు ఉడుకుతుంది, తను గూడూరు పోతుంది. చీర కుచ్చెళ్ళు బిగించి, నోరు మూసుకుని పొయ్యి ముట్టించింది. సాయంత్రానికి చెయ్యి మోచేతిదాకా ఎర్రబడింది.

లోడు రైలెక్కాక ఎనిమిది రోజులు ఆమెకు కుదురు లేదు. అత్త లెక్క తప్పకుండా మూడోనాడు కొట్టంలో చేరి మూడు దినాలు కూర్చుంది; మిగతా రోజుల్లో, ముంచినవాటిలో ఇంట్లో మిగుల్చుకున్న గంప దగ్గరికి పూటకు నాలుగుసార్లు వెళ్ళింది. అత్త మాటే నిజమైతే? తన ఒంట్లో నిజంగానే విషముంటే? పదిహేనేళ్ళుగా విన్న మాట, నమ్మనని ఎంత అనుకున్నా లోపల ఎక్కడో నమ్మింది. ఆ భయానికి ఆమెకే సిగ్గేసింది.

తొమ్మిదోనాడు మద్రాసునుంచి ఉత్తరం వచ్చింది. కాయలన్నీ బాగున్నాయట, ఇంకా పంపమన్నారు. కుప్పుస్వామి ఆ కాగితం పట్టుకుని, తన ఉపాయమంటూ వీధంతా చెప్పి వచ్చాడు. చంద్రకాంతమ్మ ఇంట్లో గంపనుంచి ఒక పండు తీసి గంగమ్మ తల్లి పటం ముందు పెట్టి, దణ్ణం పెట్టుకుని, కోసి తింది. రసం మోచేతిదాకా కారుతుంటే తృప్తిగా తలాడించింది.

"సూస్తివా? ఈ ఏడు నువ్వు దాయకుండా శుద్ధంగా ఉండినావు, కాయ నిలిచింది."

గంగులమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి అత్త చేతుల మీద పోసింది. ఆ చేతులు శుభ్రమయ్యేదాకా ఆగింది.

"ఆ రెండేండ్లూ నేను దాయలేదత్తా" అంది. "ఈ ఏడే దాసినాను. లోడంతా ముంచింది మొదటి దినమే."