కదలని నుదురు

అత్తగారు పోయిన రోజు అనూరాధ అందరితో పాటే ఏడ్చింది. ఆర్నెల్లుగా ఆవిడకి ఒళ్లు తుడిచి, గంజి పట్టింది తనే. కన్నీళ్లు ధారగా కారాయి గానీ నుదుటి మీద ఒక్క ముడత పడలేదు.

పాతపట్నంలో వాళ్ల ఎరువుల కొట్టు వెనకే ఇల్లు. వాకిలి నిండా చుట్టాలు.

"సూసేవా దాని మొకం? సినిమావోళ్లు ఏయించుకునే సూదులట. మా అక్క పోతే కనుబొమ్మ కదపనేదు," అంది అత్తగారి చెల్లెలు దాలమ్మ, వినపడేలాగే.

అవి అందానికి వేయించుకున్నవి కావు. పదేళ్లుగా అనూరాధకి పార్శ్వపు నొప్పి. నెలలో ఇరవై రోజులు తలుపులు మూసుకుని చీకట్లో పడి ఉండేది. మాత్రలకి లొంగకపోతే విశాఖపట్నంలో నరాల డాక్టరు కండరాలని కదలకుండా పట్టి ఉంచే బోటాక్స్ సూదులు మొదలుపెట్టాడు. నుదురు, కణతలు, తల వెనక, మెడ, భుజాలు... ముప్ఫై ఒక్క పోట్లు, మూడు నెలలకోసారి. రెండోసారికి నొప్పి నెలకి ఆరేడు రోజులకి దిగింది. అత్తగారికి చాకిరీ చేయగలిగిందంటే వాటి చలవే.

మూడోసారికి డాక్టరిచ్చిన తేదీ శనివారం. అత్తగారు పోయిన ఐదో రోజు. మందు బలం తగ్గుతున్నట్టు మెడ నరం అప్పుడే లాగుతోంది.

"పొద్దున్నెళ్లి రాత్రికి వచ్చేద్దామండీ," అని పెరట్లో భర్తని బతిమాలింది.

కూర్మయ్య నేల చూశాడు. "కర్మ సేస్తున్నోణ్ణి, గడప దాటకూడదు. నువ్వొక్కదానివెళ్తే పిన్ని ఊరుకుంటాదేటి? పెద్దకర్మ అయిపోనీ."

ఆసుపత్రికి ఫోన్ చేస్తే, మళ్లీ మూడు వారాల తర్వాతే అన్నారు.

శనివారం వెళ్లిపోయింది. ఆదివారానికి నొప్పి కుడి కంటి వెనక కూర్చుంది. తన గదిలో చుట్టాలు, సామాన్ల గదిలో చుట్టాలు. తల దాచుకునేంత చీకటి ఇంట్లో ఎక్కడా మిగల్లేదు. నలభై మందికి వంట, సాంబ్రాణి పొగ. తలకి తడిగుడ్డ కట్టుకుంటే, "ఇప్పుడేటే ఈ ఏసాలు?" అంది దాలమ్మ.

పదో రోజున ఆడవాళ్లంతా అనూరాధని మధ్యలో కూర్చోబెట్టి శోకాలు ఎత్తుకున్నారు. ఆ గొంతులన్నీ కలిసి కణత మీద సుత్తిలా పడ్డాయి. కళ్లు బైర్లు కమ్మాయి. తడుముకుంటూ పెరట్లోకి వెళ్లి వాంతి చేసుకుని, గోడవార కూలబడి, తల రెండు చేతులా పట్టుకుని గట్టిగా అరిచింది.

దాలమ్మ పరిగెత్తుకొచ్చి ఆమె తలని గుండెకి అదుముకుంది.

"ఏడవే తల్లీ, ఏడు! ఇన్నాళ్లూ లోపలే దాసుకున్నావేటి!"

"నొప్పి చిన్నత్తా... తల... వదలండి..."

"తెల్సునే, తెల్సు," అంటూ దాలమ్మ ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఆ తర్వాత ఎవరూ ఆమెని పల్లెత్తు మాట అనలేదు. ఒంటరిగా వదలకూడదని వంతులవారీగా పక్కన కూర్చుని, లైటు వేసి, పోయినావిడ కబుర్లు చెబుతూ ఏడిపించారు.

పెద్దకర్మ అయ్యాక దాలమ్మ, ఏడాది తిరిగేదాకా ఇక్కడే ఉంటానంది. "ఇప్పుడు నుదురు ముడత పడి మనిషి మొకంలా ఉన్నాది. ఆ సూదులింక వొద్దురా," అని కూర్మయ్యకి చెప్పింది.

అతను సరేనన్నాడు. కానీ ఆసుపత్రి వాళ్లు చెప్పిన రోజుకి, శ్రీకాకుళంలో ఎరువుల కంపెనీ వాళ్లు ఆలుమగల్ని భోజనాలకి పిలిచారని ఇంట్లో చెప్పి భార్యని విశాఖపట్నం తీసుకెళ్లాడు. సూదులు పడ్డాయి.

తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించుకుని అనూరాధ అడిగింది: "మళ్లీసారికి ఏం చెబుదాం?"