కర్సిమిన్ చెవి

దీపమే కదా, వెలిగితే వెలగనీ, అనుకున్నాడు కర్సిమిన్ స్టీరింగ్ పట్టుకుని, కానీ చూపు రోడ్డు మీద నిలిస్తేగా, ముల్లు గుచ్చుకున్న చోటికే వేలు పోయినట్టు మళ్ళీ మళ్ళీ ఆ మీటర్ల మధ్యకే పోతోంది, అక్కడ పసుపుపచ్చగా ఇంజన్ బొమ్మ, మొన్నటిదాకా లేదు, నిన్న కంపెనీ సైలెన్సర్ విప్పి మూలన పడేసి తను చేత్తో వంచి, అతికి, సుత్తితో సాపు చేసిన సైలెన్సర్ బిగించేదాకా లేదు, షోరూమ్ నుంచి వచ్చి పట్టుమని పది రోజులు కాలేదు, శుభమని అద్దానికి కట్టిన కొబ్బరాకులతో అల్లిన కుపత్ పొట్లాలు ఇంకా పచ్చి వాసన వదల్లేదు, అప్పుడే దీపం, అదీ కూతురి కారుకి, అదీ తన చేతి మీదుగా, పుర్బలింగలో ఆ వీధి వీధంతా సైలెన్సర్ కొట్లే, ఒక కొట్టువాడు తుమ్మితే పక్క కొట్టువాడికి జలుబు తెలుస్తుంది, అలాంటిచోట కర్సిమిన్ కూతురి కారు షోరూమ్‌కి తిరిగి వెళ్ళి మళ్ళీ కంపెనీ సైలెన్సర్ తగిలించుకుని వచ్చిందంటే ఇంక తను ఏ మొహం పెట్టుకుని కొట్టు తలుపు తీయాలి, జకార్తా నుంచి, సురబాయ నుంచి కార్లేసుకుని వచ్చేది రేకు కోసమా, వెల్డింగ్ కోసమా, అవి ఎవడైనా చేస్తాడు, వాళ్ళొచ్చేది తన చెవి కోసం, బండి వెనక పీట వేసుకుని కళ్ళు మూసుకుని, తొక్కు, ఇంకా తొక్కు, చాలు, అని లోపలి గాజుదూది ఎంత పెట్టాలో చెప్పే ఆ చెవి కోసం, చప్పుడు కొలిచే మీటరెందుకయ్యా, కర్సిమిన్ చెవి పెడితే చాలదూ అంటారు, ఆ మాట అన్నప్పుడల్లా తను విననట్టు మొహం పెట్టి లోపల ఎంత పొంగిపోతాడో పైవాడికే ఎరుక.

పక్కన కూతురు నూనింగ్ కిటికీలోంచి బయటికి చూస్తోంది, కోపం, అది నిన్నటిది, వద్దు బాపా, గ్యారంటీ పోతుంది, ఇప్పటి కార్లకి ఒళ్ళంతా కంప్యూటర్లే అని చెప్పి చూసింది, కొండ ఊళ్ళో, ఇప్పుడు పోతున్న ఊళ్ళోనే, మంత్రసాని ఉద్యోగం దానిది, ఎప్పుడు ఏ ఇంటి నుంచి పిలుపొస్తుందో తెలియదు, అందుకే కొనుక్కుంది ఈ కారు, నాకు చప్పుడెందుకు బాపా, నేను పోటీలకి వెళ్తున్నానా అంది, నా ఇంటి కారు ఎవడో ఫ్యాక్టరీలో ఊదిన గొట్టం వేసుకు తిరిగితే నేను తలెత్తుకోవాలా వద్దా అని తను గయ్యిమన్నాడు, సరే మీ ఇష్టం అంది, ఆ తర్వాత నోరు విప్పలేదు, తల్లి పోలికే, అలిగితే అంతే, వెనక సీట్లో మనవరాలు రరస్ మాత్రం బయల్దేరినప్పటి నుంచీ టింగ్, టింగ్, టింగ్ అని తనలో తను పాడుకుంటోంది, బాలవాడిలో ఏం నేర్పుతున్నారో ఏమో, కాసేపు ఆపుతుంది, మళ్ళీ మొదలు, టింగ్, టింగ్, అబ్బ, పోనీలే, పసిది, ఘాటీ ఎక్కుతుంటే సైలెన్సర్ ఎంత బాగా పలుకుతోంది, కడుపులోకి దిగే ఆ గంభీరం, సీటు కింద నుంచి వెన్నులోకి పాకుతోంది, ఈ శబ్దానికి దీపం వెలగడమేమిటి, దిష్టి కాకపోతే, బావమరిది దర్కుమ్ ఉంటే ఏమనేవాడు, చుట్టాల పెళ్ళికని పోయాడు, పోతూ పోతూ కూడా నేనొచ్చేదాకా అమ్మాయి కారు ముట్టుకోకు కాంగ్, ముట్టుకోకు బావా అని ఒకటే పోరు, వీడెవడు తనకి చెప్పడానికి, సుత్తి పట్టడం నేర్పిందెవరు, ఈమధ్య వీడి పద్ధతే బాగోలేదు, ప్రతి సైలెన్సర్నీ చివర్లో ఒకసారి నేను చూస్తానంటాడు, ఓ రోజు తను సిగరెట్ పెట్టె మరిచిపోయి దారి మధ్యలోంచి కొట్టుకి వస్తే, తను సరే అని పక్కన పెట్టిన దాన్ని విప్పి కూర్చున్నాడు, ఒళ్ళో గాజుదూది, ఏంట్రా అంటే మూత వదులైంది కాంగ్ అన్నాడు, చూపు తప్పించి, మూత ఎందుకు వదులవుతుంది, వేసింది తనైతే.

ఘాటీ మలుపులో మెందోఆన్ బజ్జీల బండి కనబడి రరస్ గోల చేసింది, ఆపాడు, ఇంజన్ ఆపలేదు, పలకనీ, వినేవాళ్ళు విననీ అని అలాగే వదిలి దిగాడు, నూనె బాండీ దగ్గరున్న ఆవిడ గరిటె పట్టుకునే వంగి కారు కిందికి చూసి, పా, పెద్దాయనా, కింద పాముందేమో చూసుకోండి, బుస్సుమంటోంది అంది, పామా, దానికి పనేం లేదా ఈ ఎండలో, నీ బాండీయే బుసకొడుతోంది తల్లీ అని నవ్వి, నూనింగ్ కూడా నవ్వుతుందని తిరిగి చూశాడు, అది నవ్వలేదు, బాపా, ఊరు దాటినప్పటి నుంచీ ఆ బుస వింటూనే ఉన్నా, ఓ పక్క బుస, ఓ పక్క ఆ గంట, మీకే వదిలేద్దాం, ఎప్పటికి ఆపుతారో చూద్దామని కూర్చున్నా, మీకసలు తల నొప్పెట్టలేదా, గంటా, ఏ గంట, అన్నాడు తను, అదేంటి బాపా, దీపంతో పాటు మోగుతోందిగా, లోపల, టింగు టింగుమని, మీరు కావాలనే పట్టించుకోవట్లేదనుకున్నా, అంది, అని ఆగిపోయింది, దాని మొహంలో కోపం ఎటు పోయిందో పోయింది, తన మొహంలోకే చూస్తోంది, ఎప్పుడూ చూడనట్టు.

టింగు టింగుమని, అంటే, అంటే పసిది పాడుతున్నది, కాదు, ఛ, అదేం లేదు, తలుపు తీసి లోపల కూర్చున్నాడు, తలుపు వేసుకున్నాడు, ఊపిరి బిగబట్టి విన్నాడు, ఇంజన్ మూలుగు, నేల కింద నుంచి వచ్చే ఆ దమ్ దమ్, అంతే, ఇంకేమీ లేదు, వెనక రరస్ నోటినిండా మెందోఆన్, పాడటానికి వీల్లేక, నూనె వేలితో కిటికీ అద్దం మీద టక్కు టక్కుమని కొడుతోంది, తాళం తిప్పి ఆపాడు, వేలు ఆగింది, తిప్పాడు, వేలు కదిలింది, ఆపాడు, ఆగింది, అటు చూడమ్మా, కొండ చూడు అని దాని మొహం అటు తిప్పించి తన చెయ్యి కనబడకుండా మళ్ళీ తిప్పాడు, వేలు కదిలింది, ఒక్కసారైనా తప్పుతుందేమోనని చూశాడు, తప్పాలని వేడుకున్నాడు, తప్పలేదు, ఎంబా, తాతా, మీరు కూడా కొట్టండి అంది పిల్ల, ఎలా కొట్టేది, ఎప్పుడు కొట్టాలో తనకెలా తెలిసేది, కారు నిండా మోగుతున్న గంట, నాలుగేళ్ళ పిల్లకి వినబడుతున్న గంట, రోడ్డున పోయే మెందోఆన్ ఆవిడకి కూడా వినబడే బుస, తనకి లేదు, పుర్బలింగ మొత్తానికి చెవైన కర్సిమిన్‌కి లేదు.

ఎప్పటి నుంచి, ఎన్నాళ్ళ నుంచి, కెటిల్ ఈల వేయదేమని బజార్లో వాడితో తగువేసుకుని ఇంకోటి తెచ్చాడు, అదీ వేయలేదు, భార్య ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి దించేది, దీనికి ఎలా తెలుస్తుందబ్బా అని నవ్వుకునేవాడు, పంజరంలో కెనరీ పిట్ట, ఎంతో మోజుపడి పెంచుకున్నది, పాడటం మానేసిందని, ముసలిదైందని దర్కుమ్‌కి ఇచ్చేశాడు, వాడు పంజరం అందుకుని ఏదో అనబోయి మింగేశాడు, ఆ తర్వాత వాడింటికి పోయినప్పుడు అది గొంతు ఉబ్బించుకుని ముక్కు తెరిచి ఊగిపోతుంటే, పాపం, పాడలేక అవస్థ పడుతోందిరా అన్నాడు తను, వాడి పెళ్ళాం చప్పున లోపలికి పోయింది, అయ్యో, అది పాడుతోంది, తన ఎదురుగా గొంతు చించుకుని పాడుతోంది, ఆ రేకుల మీద రోజంతా సుత్తి పడుతుంటే చెవుల్లో దూది పెట్టుకోమని ఎవరో ప్రభుత్వం మనిషి వచ్చి చెప్పాడు, దూది పెట్టుకుంటే చెవెలా పనిచేస్తుందయ్యా అని వీధంతా కలిసి వాణ్ణి ఏడిపించి పంపారు, అందరికన్నా గట్టిగా నవ్వింది తనే.

నూనింగ్, ఎవరెవరికి తెలుసే, అన్నాడు, అది కారు తలుపు పట్టుకుని నిలబడింది, కళ్ళల్లో నీళ్ళు, కొంచెం మందమనుకున్నాం బాపా, ఇంతని నాకు తెలియదు, ఒట్టు, అమ్మకి తెలుసు, దర్కుమ్ మావయ్యకి తెలుసు, చెప్తే కొట్టు మూసేసి మంచం పడతారని, నేను చూసుకుంటాలే అక్కా అన్నాడట మావయ్య, చూసుకుంటాడట, ఏం చూసుకుంటాడు, తను సరేనన్నవన్నీ విప్పి, గాజుదూది సరిచేసి, సందులు అతికి, మూత వేసి, కర్సిమిన్ చెవి పెట్టిన సరుకని చెప్పి అప్పజెప్పాడా, సురబాయ వాళ్ళు ఫోన్ చేసి అద్భుతం పా అన్నది దేన్ని, తను తలపంకించి తీసుకున్న పొగడ్త ఎవరిది, వాడు ఒకే ఒక్కసారి ఊళ్ళో లేడు, ఆ ఒక్కసారి తను ఒక్కడే చేశాడు, దీపం వెలిగింది.

పసుపు దీపం ఇంకా అలాగే ఉంది, ఇంజన్ నడుస్తూనే ఉంది, కర్సిమిన్ దిగి, చొక్కా మాసిపోతుందని కూడా చూడకుండా రోడ్డు పక్క మట్టిలో వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగాడు, గొట్టానికి కాస్త ఎడంగా అరచెయ్యి చాపి ముందు నుంచి మెల్లగా జరుపుతూ పోయాడు, వేడి, వేడి, అంతా ఒకే వేడి, పొగను కొలిచి దీపం వెలిగించే సెన్సార్‌కి కాస్త ముందు, తను అతికిన అతుకు దగ్గర, సూదిలా సన్నటి గాలి అరచేతి మధ్యలో పొడిచింది, ఇదీ, ఇదే బుస, ఏ కుర్రకుంకైనా వీధి చివర నుంచి పట్టేసే బుస, నిన్న తను దీని పక్కనే కళ్ళు మూసుకు కూర్చుని బాగుంది అన్నాడు, దర్కుమ్ మీద కోపం కోసం లోపలంతా వెతికాడు, దొరకలేదు, సిగ్గు దొరికింది, దాని కింద ఇంకేదో దొరికింది, దానికి పేరు పెట్టలేకపోయాడు, కారు కింద నుంచే పిలిచాడు, నూనింగ్, మీ మావయ్యకి ఫోన్ చెయ్, పెళ్ళి అవగానే ఇటే రమ్మను, ఏమని చెప్పను బాపా అని దాని గొంతు ఎక్కడో పైనుంచి వచ్చింది, గాలి అరచేతిలో పొడుస్తూనే ఉంది, సైలెన్సర్ చేశాను, బాగుందో లేదో నాకు తెలియట్లేదని చెప్పు, అన్నాడు కర్సిమిన్, వచ్చి వినమని చెప్పు.