వేంగి సరిహద్దు

పొద్దున్నే కృష్ణమోహన్‌కి లంచ్ బాక్స్ కట్టి పంపి, కారు వీధి మలుపు తిరిగాక నళిని తన బల్ల దగ్గరికొచ్చేది. అయిదు నిమిషాలు కూర్చుంటే పది నిమిషాలు పచార్లు. చోళులకీ వేంగికీ ఉన్న సంబంధాల మీద ఆరేళ్ళుగా థీసిస్ రాస్తోంది. చివరి అధ్యాయం ఒక పట్టాన తెమలడం లేదు.

పార్సిప్పనీలో ఆ అపార్ట్‌మెంట్‌కొచ్చిన కొత్తలో గోడకి మ్యాప్ తగిలించి, రెండు రాజ్యాల మధ్యా ఎర్ర పెన్సిల్‌తో సరిహద్దు గీసింది. గీసిన చోట అది ఉండలేదు. ఆవిడ ఏ రాజు కాలం చదువుతుంటే దానికి తగ్గట్టు అటో ఇటో జరిగేది. 1982 చలికాలానికి కాగితం దాటి గోడ మీదికి, గోడ దిగి కార్పెట్ మీదికి వచ్చేసింది. కాఫీకొచ్చిన పక్కింటి శాంతి కుచ్చెళ్ళు కాస్త ఎత్తి దాటి, "ఇవాళ వంటింటిదాకా వచ్చిందే," అనేది. కృష్ణమోహన్ దాన్ని తొక్కకుండా వాక్యూమ్ చేసేవాడు.

మార్చిలో అతని ఆఫీసు ఎక్కడో దూరాన ఉన్న ప్లేనో అనే ఊరికి మారుతోందని తెలిసింది.

"మేలో మూవ్ అవ్వాలి. అక్కడైతే సొంత ఇల్లే కొనుక్కోవచ్చు," అన్నాడు అన్నం కలుపుకుంటూ.

"ఇంకొక్క ఏడాదైతే నాది పూర్తవుతుందండీ."

"ఆరేళ్ళనించీ ఇంకొక్క ఏడాదే కదా నళినీ. అక్కడ కూర్చుని రాసుకో."

ఆవిడ గోడ మీది మ్యాప్‌కేసి చూసింది. రాజరాజ చోళుడు కూతురు కుందవ్వని వేంగి విమలాదిత్యుడికిచ్చాడు. తర్వాతి తరంలో రాజేంద్ర చోళుడి కూతురూ ఆ ఇంటికే కోడలైంది. ఎవరు ఎవరికిచ్చారో ఆవిడకి కంఠతా వచ్చు. బయల్దేరిన రోజున ఆ పిల్లలేమనుకున్నారో మాత్రం తను చదివిన వేటిలోనూ దొరకలేదు. ఆ నెలంతా పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దడం, ఏదో చూసుకోవాలని మళ్ళీ తీయడం. ఒక్కచోట కాలు నిలవలేదు.

సామాన్ల లారీ వచ్చిన పొద్దున ఆ ఎర్ర గీత హాలు మధ్యలో తిన్నగా పడి ఉంది. అవతల సోఫా, టీవీ, మంచం. ఇవతల బల్ల, కుర్చీ, పుస్తకాలు, నళిని. లారీవాళ్ళు అవతలివన్నీ మోసేసి గీత దగ్గర ఆగిపోయారు.

"మా పనయింది సార్, సంతకం పెట్టండి," అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

కృష్ణమోహన్ బల్లకేసి చూశాడు, తర్వాత భార్యకేసి. చాలా రోజుల తర్వాత ఆవిడ కదలకుండా నిలబడి ఉంది.

"అయితే రావన్నమాట."

"ముందు ఇది ముగించనివ్వండి. తర్వాత సంగతి నాకే తెలీదు."

అతను కాగితం అందుకుని సంతకం పెట్టాడు.

చివరి అధ్యాయానికి పద్నాలుగు నెలలు పట్టింది. చోళులు పిల్లనిచ్చి వేంగిని గుప్పిట్లో పెట్టుకున్నామనుకున్నారనీ, ఆ పిల్ల మనవడు కులోత్తుంగుడే వచ్చి చివరికి చోళ సింహాసనం ఎక్కాడనీ రాసింది. పట్టా వచ్చింది. దగ్గర్లోని కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది.

ఆ అక్టోబర్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. కృష్ణమోహన్ రెండు సూట్‌కేసులతో నిలబడి ఉన్నాడు. ఈ ఊళ్ళోనే వేరే ఉద్యోగం చూసుకున్నాడట. గీత అప్పటికి గుమ్మందాకా జరిగిపోయింది. బూట్లు విప్పి, దానికి అవతలే ఆగాడు.

"లోపలికి రావచ్చా?"

నళిని వెళ్ళి, రెండో కుర్చీ మీదున్న కాగితాలు తీసింది.