మొగుడి స్టూలు

ఉద్యోగానికి ఇదే ఆఖరి రోజైనా ఆయమ్మ కాన్పు గది నేలను రోజూలాగే మూలమూలలా తుడిచింది. గుడ్డ పిండి ఆరేసి, మొగుడి స్టూలును మంచం పక్కకు జరిపింది. దాని నాలుగు కాళ్లలో ఒకటి పొట్టిది. కింద కొత్త అట్టముక్క మడిచి, దారంతో కట్టింది.

ఈ ఆసుపత్రికి మందులు, మంచాలు పరాయి దేశపు దాతలిచ్చారు. ఇస్తూ ఓ మెలిక పెట్టారు: భర్త పక్కన కూర్చుంటేనే కాన్పు ఉచితం. మగాళ్ల మనసు మారాలట. మనసు సంగతేమో గానీ, ఆ స్టూలెక్కినవాళ్ల మొహం రంగు మాత్రం మారేది. కళ్లు తిరిగి పడినవాళ్లను లేపి నీళ్లు చల్లడంతోనే ఆయమ్మ నడుం వంగింది. అయినా కొందరు ఆ తర్వాత పెళ్లాం మీద చెయ్యెత్తడం మానేశారని విని సంతోషించింది. మందు మంచిదే; ముక్కు మూసి పోయడమే ఆమెకు నచ్చదు.

ఇవాళ వచ్చిన పిల్లకు తొలి కాన్పు. వస్తూనే ఆయమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆయన్ని లోపలికి రానీకు పిన్నీ! సిగ్గుతో చస్తాను."

"రాకపోతే అన్నిటికీ డబ్బు కట్టాలి తల్లీ. రూలు నేను పెట్టానా?" అంది నర్సమ్మ. గోడలకు రంగులేసే ఆ పిల్ల మొగుడు గుమ్మంలో చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వాటిని కొనడానికే అప్పు చేసినవాడిలా ఉన్నాడు.

"కూర్చోమన్నారు గానీ చూడమన్లేదుగా," అంటూ ఆయమ్మ స్టూలును గోడవైపు తిప్పింది. "కూర్చో నాయనా."

నర్సమ్మ మొహం పక్కకు తిప్పి నవ్వుకుంది. అతను బుద్ధిగా గోడను చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఉండబట్టలేక, "ఇక్కడ రెండో పూత వెయ్యలేదండీ," అన్నాడు.

మధ్యాహ్నానికి నొప్పులు ముదిరాయి. దుప్పటి కొరుకుతున్న పిల్ల ఒక్కసారిగా అరిచింది. "ఏమయ్యా! ఆ గోడతోనే కాపురం చేస్తావా? ఇటు రా!"

అతను స్టూలుతో సహా తిరిగాడు. బిడ్డ ఏడ్చేదాకా ఆమె చెయ్యి వదల్లేదు, పడిపోనూ లేదు.

సాయంత్రం నర్సమ్మ దగ్గర సెలవు తీసుకుని ఆయమ్మ బయటికొచ్చింది. గేటు దగ్గర ఆమె ముసలి మొగుడు ఎప్పటిలాగే గొడుగుతో నిలబడి ఉన్నాడు. దాతలూ రూలూ లేని రోజుల్లో, ఆమె ఇద్దరు పిల్లల్ని కన్నది ఈ ఆసుపత్రిలోనే. అప్పుడూ ఆయన అక్కడే నిలబడ్డాడు.

"అప్పుడు లోపలికి రాలేదేమయ్యా?" అంది, ఇన్నేళ్లకు.

"నువ్వు పిలవలేదుగా."

"పిలిస్తే వచ్చేవాడివా?"

"వచ్చేవాణ్ణి," కాస్త ఆలోచించాడు. "వచ్చి పడిపోయేవాణ్ణి."

ఆమె పకపకా నవ్వి, సంచీ ఆయన చేతికిచ్చింది. ఇద్దరూ ఒకే గొడుగు కింద వెళ్లిపోయారు.

కాన్పు గదిలో స్టూలు మంచం వైపే తిరిగి ఉంది, పొట్టి కాలి కింద అట్టముక్క మడత చెదరకుండా.