లియోటా ఎడమ చెవి

పొద్దున ఏడింటికి వాకిట్లో కారు హారన్ రెండుసార్లు మోగేది. లియోటా కాఫీ సగంలో వదిలేసి, జుట్టంతా కుడివైపుకు దువ్వి పిన్నులు గుచ్చుకుని, వెళ్ళి అల్లుడు క్రెయిగ్ పక్క సీట్లో కూర్చునేది. ఎడమ చెవి అతనికి బాగా కనబడాలి. డెబ్బై మూడేళ్ళ మనిషికి అదీ ఉద్యోగం.

మైలు దూరంలో కార్ల వేగం పట్టే పోలీసుల రాడార్ ఉందంటే ఆమె ఎడమ చెవి ఎర్రబడుతుంది. మొదట తమ్మె, తర్వాత అంచు, దగ్గరికొచ్చేసరికి చెవంతా ఉడికిన బీట్‌రూట్ ముక్క. భర్త చనిపోయిన ఏడాదే ఇది మొదలైంది. ఒహాయోలో మా కౌంటీ వాళ్ళెవరూ దీన్ని వింతగా చెప్పుకోలేదు. ఆమె అక్కకైతే మంచు పడేముందు గోళ్ళు నీలంగా మారేవి. బడికి సెలవివ్వాలా వద్దా అని హెడ్మాస్టరు ఆవిడకే ఫోను చేసేవాడు. ఆవిడ ఒకసారి అబద్ధం చెప్పిందనీ, ఆ రోజు పిల్లలంతా ఎండలో ఆడుకున్నారనీ అంటారు. అది వేరే కథ. మా పోలీసు అధికారి డిప్యూటీ షెరీఫ్ కూడా హోటల్లో లియోటా కనబడితే టోపీ తీసి, "ఏమ్మా, ఈవేళ చెవి చల్లగానే ఉందా?" అని పలకరించేవాడు.

క్రెయిగ్ పాడి రైతులకు పాలు పితికే యంత్రాల గొట్టాలు అమ్ముతాడు. ఇంతకుముందు కారు అద్దానికి పోలీసుల రాడార్‌ను పసిగట్టి అరిచే డిటెక్టర్ పెట్టె తగిలించుకునేవాడు. మా రాష్ట్రంలో అది నేరం కాదు. కాకపోతే సూపర్‌మార్కెట్ తలుపు తనంతట తాను తెరుచుకున్నా ఆ పెట్టె కీచుమనేది. అత్తగారి చెవి అలా కాదు, ఒక్కసారీ తప్పలేదు. దాంతో పెట్టె సొరుగులోకి పోయింది, అత్తగారు సీట్లోకి వచ్చింది. ఇది రెండేళ్ళ కిందటి మాట.

ఆ కారు గురించి చెప్పకపోవడమే మంచిది గానీ, చెప్పక తప్పదు. వెనకంతా జిడ్డు కాగితాలు. కాళ్ళకింద ఎప్పుడో ఒలికి పులిసిన పాల కంపు. వెనిగర్లో ఊరిన గుడ్డు నోట్లో కుక్కుకుని, ఆ చేత్తోనే స్టీరింగు, ఆ చేత్తోనే ఫోను. తిండి, ఫోను, అత్తగారి చెవి, ఇవన్నీ చూసుకున్నాక తీరికుంటే అప్పుడు రోడ్డు.

మా రోడ్లు గుట్టలెక్కి దిగుతుంటాయి. అవతల ఏముందో పైకెక్కేదాకా తెలీదు. చాలాసార్లు ఉండేది, మతనియమంగా కార్లు నడపని ఆమిష్ వాళ్ళ గుర్రబ్బండి. నల్లటి డబ్బా, వెనక నారింజ రంగు త్రికోణం, గంటకు ఎనిమిది మైళ్ళ నడక. ఏప్రిల్లో ఎవడో చర్చికి వెళ్తున్న బండిని గుద్దేశాడు. గుర్రం అక్కడే చచ్చింది. ఇద్దరు పిల్లలు వారం తర్వాత పోయారు. అప్పట్నుంచీ లియోటాకు ముద్ద దిగడం లేదు.

"రోడ్డు చూడు క్రెయిగ్."

"చూస్తూనే ఉన్నా అత్తయ్యా. చెవి తెల్లగా ఉందిగా."

"పోలీసులు లేకపోతే మనుషులు కూడా లేనట్టేనా?"

"ఆ జుట్టు కాస్త వెనక్కి తోసుకోండి. కనబడి చావట్లేదు."

కూతురు డార్లాకు చెప్పుకుంటే, "వేగానికి ఇంకొక్క జరిమానా టికెట్ పడితే ఆయన లైసెన్సు పోతుందమ్మా. నువ్వు ఊరికే కూర్చోవడమేగా," అంది. ఊరికే కూర్చోవడం! ఈ మనిషి ఏదో ఒక రోజు ఎవరినో చంపుతాడు, చంపేటప్పుడు తన చెవికేసే చూస్తుంటాడు. అదీ లియోటా భయం.

అక్టోబర్లో ఒక గురువారం మధ్యాహ్నం. యాభై అయిదు మైళ్ళకు మించకూడని చోట ఎనభైలో పోతున్నాడు. గుట్ట ఎక్కుతున్నారు. అతని కళ్ళు చెవిమీదే ఉన్నాయి. పెదవి చివర గుడ్డు సొన అంటుకుని ఉంది. చెప్పీ చెప్పీ విసిగింది లియోటా. మెడలో ఉన్ని స్కార్ఫు విప్పి తలచుట్టూ తిప్పి, చెవులు రెండూ మూసి, గడ్డం కింద ముడేసుకుంది.

"ఏంటది? తీయండి."

"చలేస్తోంది."

"తీయండత్తయ్యా. ఇప్పుడు నాకెలా తెలుస్తుంది?"

ఆమె తీయలేదు. చూడ్డానికి చెవి లేకపోయేసరికి అతను ముందుకు చూశాడు. పోలీసు ఎక్కడ నక్కాడోనని కాలు బ్రేకుమీదికి పోయింది. గుట్టమీదికి వచ్చేసరికి కారు ముప్పైకి దిగింది. అవతల, అద్దం నిండా నారింజ త్రికోణం.

కారు బారెడు దూరంలో ఆగింది. బండి వెనక కిటికీలోంచి నల్ల టోపీలు కట్టుకున్న ఇద్దరు ఆడపిల్లలు వాళ్ళను చూస్తున్నారు.

క్రెయిగ్ నోట్లోది మింగాడు. పిల్లలకేసి చూడలేదు. అటూ ఇటూ పొదలు వెతికాడు.

"పోలీసులు లేరు. అనవసరంగా బ్రేకు వేయించారు. ఇక ఆ గుడ్డ తీయండి, ఆలస్యమవుతోంది."

పళ్ళెంలో పడ్డ ఈగను చూసినట్టు చూసింది లియోటా అతన్ని. తర్వాత తలుపు తీసుకుని దిగింది. బండి పక్కకు ఆగింది. పగ్గాలు పట్టుకున్న ఏడా అనే ఆమె చెయ్యందించింది.

"ఎక్కండి పిన్నిగారూ. కాకపోతే ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతుంది."

"గూకనీ తల్లీ."

పిల్లలు జరిగి చోటిచ్చారు. క్రెయిగ్ హారన్ కొట్టి, బండిని దుమ్ములో ముంచి, ఎనభైలో అవతలి గుట్ట దాటిపోయాడు. గుర్రం మెల్లగా కదిలింది.

పది అడుగులు పోయారో లేదో, స్కార్ఫు కింద తమ్మె వేడెక్కింది. తర్వాత అంచు. లియోటా ముడి ఇంకాస్త బిగించుకుంది.

"చలేస్తోందా అమ్మమ్మా?" అంది చిన్నపిల్ల.

"లేదమ్మా. వెచ్చగానే ఉంది."